ఫ్లైట్ సిమ్ కోసం ఓవర్‌క్లాకింగ్ – 3వ పాఠం: కర్వ్ ఆప్టిమైజర్

పోయిన పాఠంలో కూలర్ సంగతి చూసుకున్నాం, బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్) కొత్తది వేసుకున్నాం. సిమ్‌లో లండన్ హీత్రో విమానాశ్రయం గేటు దగ్గర విమానం నిలబెట్టి, ఒక్కో ఫ్రేమ్‌కి మెయిన్ థ్రెడ్ (ఒకే కోర్ మీద నడిచే ప్రధాన పని) ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంటోందో కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం ఇవాళ పక్కన ఉండాలి, అది లేకుండా ఈ పాఠం మొదలుపెట్టొద్దు. ఏదైనా మార్చాక "ముందుకంటే స్మూత్‌గా ఉంది" అని అందరికీ అనిపిస్తుంది. రాత్రంతా కూర్చుని చేసిన పని కదా, అనిపించకపోతే ఎలా! అంకె మాత్రం మొహమాటపడదు.

మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు మాటలు. ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ని ఫ్యాక్టరీ పెట్టిన వేగం కంటే పైకి నడపడం, సిమ్ అంటే ఫ్లైట్ సిమ్యులేటర్. మన పాఠాలు ఏఎండీ రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్ మీద, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మీద నడుస్తున్నాయి. 2020 అయినా 2024 అయినా పద్ధతి ఒకటే. 2024లో పనిని మిగతా కోర్లకు ముందుకంటే బాగా పంచారు. అయినా పెద్ద విమానాశ్రయంలో, బరువైన విమానంతో చివరికి అడ్డుపడేది మెయిన్ థ్రెడ్ ఒక్కటే. అది ఒక్కో ఫ్రేమ్‌కి 25 మిల్లీసెకన్లు తీసుకుంటే సెకనుకి 40 ఫ్రేములు దాటవు, గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైనా సరే. డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ డబ్బా తెరిస్తే "లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్" అని కనిపించేది ఇదే. అక్కడ జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) అని వస్తుంటే ఇవాళ్టి పాఠం మీకు అక్కర్లేదు. ముందు మేఘాల క్వాలిటీ, రిజల్యూషన్ తగ్గించుకోండి.

కొలిచేటప్పుడు ఫ్రేమ్ జనరేషన్ ఆపేయాలి. అది మధ్యలో ఫ్రేములు కల్పించి అంకె పెంచుతుందే గానీ మెయిన్ థ్రెడ్ పని రవ్వంత కూడా తగ్గించదు. లైవ్ వాతావరణం, లైవ్ ట్రాఫిక్ కూడా ఆపండి. లేకపోతే నిన్నటి హీత్రో వేరు, ఇవాళ్టి హీత్రో వేరు అవుతాయి.

ఇక అసలు విషయం. సిమ్ మనుషుల్లో పాతకాపులకు ఓవర్‌క్లాకింగ్ అంటే మల్టిప్లయర్ (కోర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచడమే. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ దాదాపు బరువంతా ఒక్క కోర్ మీదే మోపేది. కాబట్టి గిగాహెర్ట్జ్ ఎంతుంటే అంత సుఖం. 2011 మొదట్లో ఇంటెల్ కోర్ ఐ7-2600కే వచ్చింది. కంపెనీ ఇచ్చిన టర్బో 3.8 గిగాహెర్ట్జ్. మల్టిప్లయర్ దగ్గర 45 అని కొట్టి, వోల్టేజీ కొంచెం పెంచితే 4.5 వచ్చేది. 18 శాతం వేగం, పైసా ఖర్చు లేకుండా! ఆ రుచి మరిగినవాళ్లు ఇప్పటికీ కొత్త చిప్ కొనగానే మల్టిప్లయర్ కోసమే వెతుకుతారు.

9800ఎక్స్3డీలో మల్టిప్లయర్‌కి తాళం లేదు. 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీల్లో ఉండేది. వాటిలో అదనపు క్యాష్‌ని (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ) కోర్ల చిప్ మీద పేర్చారు, అందువల్ల కోర్ల వేడి పైకి రావడం కష్టమయ్యేది. 2024 నవంబర్‌లో వచ్చిన ఈ చిప్‌లో క్యాష్‌ని కిందికి దించి కోర్లను పైన పెట్టారు. వేడి నేరుగా కూలర్‌కి అందుతుంది, తాళం తీసేశారు. తాళం తీశారు కదా అని అన్ని కోర్లనీ 5.4 దగ్గర బిగించేయాలన్న ఆశ పుడుతుంది. నా సలహా, ఆ పని చేయొద్దు. అన్నింటినీ ఒకే వేగంతో బిగిస్తే ఎనిమిది కోర్లలో బలహీనమైనదానికి ఎంత వోల్టేజీ కావాలో అంతా అన్నింటికీ ఇవ్వాలి. మీ మెయిన్ థ్రెడ్ నడిచేది మంచి కోర్ మీద. దానికి ఆ వోల్టేజీ అవసరమే లేదు, వేడి మాత్రం దండిగా వస్తుంది.

అందుకే కర్వ్ ఆప్టిమైజర్. ఫ్యాక్టరీలో ప్రతి చిప్‌కీ ఒక పట్టిక రాసి పంపుతారు, ఇంత వేగానికి ఇంత వోల్టేజీ అని. ఎదిగే పిల్లాడికి చొక్కా కుట్టించినట్టు అందులో కాస్త వదులు ఉంచుతారు. ఎవరి ఇంట్లో, ఎలాంటి బోర్డు మీద నడుస్తుందో వాళ్లకు తెలియదు కదా. ఆ వదులుని కోర్ కోర్‌కీ విడిగా బిగించుకునే వీలే కర్వ్ ఆప్టిమైజర్. నెగెటివ్ వైపు ఒక్కో మెట్టుకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. మైనస్ 20 అంటే 60 నుంచి 100 మిల్లీవోల్టులు. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే చిప్ తనంతట తానే పై వేగం దగ్గర ఎక్కువసేపు నిలబడుతుంది. మనం వేగాన్ని నెట్టడం లేదు, దానికి అడ్డొచ్చేవాటిని పక్కకు జరుపుతున్నాం.

బయోస్‌లోకి వెళ్లేముందు కొన్ని జాగ్రత్తలు. యూపీఎస్ ఉంటే మంచిది. రాత్రంతా నడిచే టెస్ట్ మధ్యలో కరెంటు పోతే, పొద్దున చూసినప్పుడు క్రాష్ అయి ఆగిందో కరెంటు పోయి ఆగిందో తెలియదు. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్ అయి ఉందేమో చూసుకుని రికవరీ కీ ఫోన్‌లో గానీ కాగితం మీద గానీ దాచుకోండి. బయోస్ రీసెట్ అయ్యాక అది అడిగిందంటే అర్ధరాత్రి టెన్షన్ మామూలుగా ఉండదు. మదర్‌బోర్డులో బయోస్ సెట్టింగులు చెరిపే క్లియర్ సీమోస్ బటన్ గానీ పిన్నులు గానీ ఎక్కడున్నాయో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ఇంకొకటి, నెగెటివ్ వైపు వెళ్లినా సరే, ఫ్యాక్టరీ సెట్టింగ్ దాటితే వారంటీ వర్తించదని ఏఎండీ స్పష్టంగా రాసింది. అది ఒప్పుకుంటేనే ముందుకు రండి.

బయోస్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ అనే మెనూ ఉంటుంది, హెచ్చరిక చూపించి ఒప్పుకోమంటుంది. లోపల, చిప్ తనంతట తాను వేగం పెంచుకునే హద్దుల్ని మార్చే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ ఉంటుంది, దాన్నే అందరూ పీబీఓ అంటారు. అది అడ్వాన్స్‌డ్‌లో పెట్టండి. చాలా బోర్డుల్లో ఇదే మెనూ ఇంకోచోట కూడా కనిపిస్తుంది. రెండు చోట్లా మార్చి గందరగోళపడొద్దు, ఒక్కచోటే మార్చండి. పవర్ లిమిట్లు ఆటోలోనే ఉంచండి. ఈ చిప్‌కి ఫ్యాక్టరీ పవర్ హద్దు 162 వాట్లు, సిమ్ ఆ దరిదాపులకు కూడా వెళ్లదు. స్కేలర్‌ని కూడా ముట్టుకోవద్దు. ర్యామ్ ఎక్స్‌పో (ర్యామ్ వేగం పెంచే ప్రొఫైల్) ఇప్పుడు ఎలా ఉంటే అలాగే ఉండనివ్వండి. ఒకేసారి రెండు మారిస్తే తప్పు ఎవరిదో తేలదు.

ముందుగా కర్వ్ ఆప్టిమైజర్ ఆల్ కోర్స్, నెగెటివ్, 10. సేవ్ చేసి విండోస్‌లోకి వచ్చి, సిమ్‌లో అదే గేటు దగ్గర అదే అంకె చూడండి. తేడా పెద్దగా కనిపించదు, కనిపించకపోయినా ఫర్వాలేదు. చిప్ వేడి, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి కోర్ల ఉష్ణోగ్రత తగ్గిందా, క్లాక్ నిలకడగా ఉందా చూసుకోండి. అంతా బాగుంటే పర్ కోర్‌కి మారండి.

తేలికగా దెబ్బతినేది ఇక్కడే. "నాకు ఆల్ కోర్ మైనస్ 30 పెట్టినా సినీబెంచ్ హాయిగా నడిచింది" అనేవాళ్లు చాలామంది. నడుస్తుంది, ఎందుకు నడవదు? సినీబెంచ్ అనే వేగ పరీక్ష ఎనిమిది కోర్లనీ ఒకేసారి తొక్కుతుంది, అప్పుడు వేగం కాస్త తగ్గి ఉంటుంది. నెగెటివ్ కర్వ్ తేలిపోయేది బరువు తక్కువగా ఉన్నప్పుడు, ఒక్క కోర్ అమాంతం పై వేగానికి ఎగిరినప్పుడు. సిమ్ చేసే పని అచ్చం అదే. లోడింగ్‌లో అన్ని కోర్లూ, తర్వాత గంటలకొద్దీ ఒక కోర్ మీద బరువు, మధ్యమధ్యలో సీనరీ దిగినప్పుడు మళ్లీ ఒక పోటు. హైదరాబాద్ నుంచి హీత్రోకి ఆటోపైలట్‌లో పది గంటలు వచ్చి, దిగే ముందు డెస్క్‌టాప్ ప్రత్యక్షమైందంటే కారణం చాలాసార్లు ఈ మైనస్ 30 లాంటిదే.

పైగా ఇంకో మెలిక ఉంది. విండోస్ మెయిన్ థ్రెడ్ లాంటి పనిని చిప్‌లో మంచి కోర్లుగా గుర్తు పెట్టినవాటి మీదికే పంపుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రతి కోర్ పేరు పక్కన పర్ఫ్ 1, పర్ఫ్ 2 అని వరస కనిపిస్తుంది చూడండి, అదే. ఆ మంచి కోర్లకు ఫ్యాక్టరీ పట్టికలోనే వోల్టేజీ తక్కువగా రాసి ఉంటుంది, అంటే వాటిలో వదులు తక్కువ. మనకు అన్నిటికంటే ముఖ్యమైన కోర్లే నెగెటివ్‌ని అన్నిటికంటే తక్కువ తట్టుకుంటాయన్నమాట. కాబట్టి మొదటి రెండింటికీ మైనస్ 10, మిగతా ఆరింటికీ మైనస్ 20 తో మొదలుపెట్టండి. పక్కవాడి చిప్ అంకెలు తెచ్చి మీ చిప్‌కి పెట్టొద్దు, ఏ రెండు చిప్‌లూ ఒకటి కావు.

టెస్ట్‌కి కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్ట్ వాడదాం. అది ప్రైమ్95 అనే బరువైన లెక్కల ప్రోగ్రామ్‌ని ఒక్కో కోర్ మీద విడివిడిగా నడుపుతుంది, ఆ కోర్ పై వేగంలో ఉండగానే పరీక్ష జరుగుతుంది. ఏ కోర్ తప్పిందో పేరు పెట్టి చెబుతుంది. పడుకునే ముందు మొదలుపెట్టి పొద్దున చూసుకోండి. తప్పిన కోర్‌ని ఐదు మెట్లు వెనక్కి తేవాలి, మైనస్ 20 అయితే మైనస్ 15. మళ్లీ రాత్రికి. ఓపిక లేకపోతే ఓవర్‌క్లాకింగ్ జోలికి రాకపోవడమే మంచిది. ఇందులో పని అంతా ఎదురుచూడటమే.

కోర్‌సైక్లర్ పాసైనా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌ని అడగాలి. సిస్టమ్ లాగ్‌లో వీయా లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పులు నమోదు చేసేది) పేరుతో ఏమైనా ఉందా? ఒక్కటి ఉన్నా సెట్టింగ్ స్థిరంగా లేనట్టే, కంప్యూటర్ బాగానే నడుస్తున్నట్టు కనిపించినా సరే. ఆ ఎంట్రీలో ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని రెండుతో భాగించి పాయింట్ తర్వాతది వదిలేస్తే కోర్ నంబర్ వస్తుంది. 6 అయినా 7 అయినా కోర్ 3. లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మర్చిపోకండి.

ఇంకో దొంగ ఉన్నాడు, క్లాక్ స్ట్రెచింగ్. వోల్టేజీ మరీ తక్కువైతే చిప్ క్రాష్ కాకుండా తనను తాను కాపాడుకుంటూ గడియారాన్ని సాగదీస్తుంది. పైకి 5200 అనే చూపిస్తుంది, జరిగే పని మాత్రం తక్కువ. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరస వేరే ఉంటుంది. పూర్తి బరువులో ఉన్న కోర్‌కి ఈ రెండు అంకెల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉంటే మెట్లు తగ్గించండి. మెగాహెర్ట్జ్ చూసి మురిసిపోకుండా మిల్లీసెకన్లే నమ్మమని మొదటి పాఠం నుంచీ పోరుతున్నది ఇందుకే.

ఇవన్నీ నిలబడ్డాకే మ్యాక్స్ సీపీయూ బూస్ట్ క్లాక్ ఓవర్‌రైడ్, అంటే గరిష్ఠ వేగం హద్దుని మెగాహెర్ట్జ్‌లలో పైకి జరపడం. ముందు 100, కోర్‌సైక్లర్ మళ్లీ నడిపి నిలబడితే 200. వేగం పెంచిన ప్రతిసారీ పాత మైనస్ అంకెలు పనికిరాకపోవచ్చు, కొన్ని కోర్లను ఇంకో రెండు మూడు మెట్లు వెనక్కి తేవాల్సి వస్తుంది.

ఇంత చేస్తే వచ్చేది ఎంత? 5.2 నుంచి 5.4 అంటే 4 శాతం లోపు. మీ కాగితం మీద 28 మిల్లీసెకన్లు ఉంటే 27 అవుతుంది. సుమారు 36 ఫ్రేముల నుంచి 37. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ లెక్క అదే. సిమ్‌లో టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ని (నేల ఎంత వివరంగా కనిపించాలో చెప్పే సెట్టింగ్) 200 నుంచి 150కి దించితే పెద్ద నగరాల మీద దీనికంటే ఎక్కువే కలిసొస్తుంది, అదీ బయోస్ ముట్టుకోకుండా. నా దృష్టిలో కర్వ్ ఆప్టిమైజర్ అసలు లాభం వేడి తగ్గడం. మన ఊళ్లలో రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అప్పుడు ఏసీ లేని గదిలో కూలర్‌లోకి వెళ్లే గాలే 38 డిగ్రీలు ఉంటుంది. ఈ చిప్ గరిష్ఠ ఉష్ణోగ్రత 95. డిసెంబర్‌లో హాయిగా ఉన్న మెషీన్ మేలో సీనరీ దిగే ప్రతిసారీ ఫ్యాన్లతో అరిచి గోల చేస్తుంది. అక్కడ పది డిగ్రీలు మిగిలినా మిగిలినట్టే. అలాగని ఎండాకాలంలో సరిచేసుకున్న అంకెలు చలికాలానికి ఖాయం అనుకోవద్దు. చల్లగా ఉంటే చిప్ ఇంకాస్త పైకి ఎగరగలదు, అక్కడ కొత్త తప్పు బయటపడవచ్చు. చలి మొదలయ్యాక కోర్‌సైక్లర్‌ని ఒక రాత్రి మళ్లీ నడపండి.

ఇంటెల్ 13, 14 తరాల కోర్ ఐ9 వాడేవాళ్లకు ఈ పాఠంలోని కొలతలు, టెస్టులు పనికొస్తాయి, బయోస్ అడుగులు కావు. మీరు ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. వోల్టేజీ అవసరానికి మించి వెళ్లడం వల్ల ఆ చిప్‌లు దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది, ఆగస్టు నుంచి వరసగా మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణలు లేని బోర్డు మీద వోల్టేజీ పెంచడం మాట అటుంచండి, ఉన్నది ఉన్నట్టు నడపడం కూడా మంచిది కాదు.

వచ్చే పాఠం లోపు చేయాల్సింది: ఎనిమిది కోర్ల చివరి అంకెలు, ఓవర్‌రైడ్ అంకె, హీత్రో గేటు దగ్గర మిల్లీసెకన్లు, ఆ రోజు గది ఉష్ణోగ్రత, ఇవన్నీ అదే కాగితం మీద రాయండి. బయోస్‌లో దీన్ని ఒక ప్రొఫైల్‌గా సేవ్ చేయండి. తర్వాత ఒక పొడవైన ఫ్లైట్, మీకు నచ్చిన దారిలో. మధ్యలో సిమ్ పడిపోతే వెంటనే కర్వ్‌ని నిందించకండి. ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి వెళ్లి అదే ఫ్లైట్ మళ్లీ నడపండి. అక్కడా పడితే తప్పు ఏదో యాడ్ఆన్‌ది గానీ డ్రైవర్‌ది గానీ అయ్యుంటుంది.

నాలుగో పాఠం ర్యామ్ మీద. డీడీఆర్5 6000 దగ్గర ఎందుకు ఆగాలి, 96 ఎంబీ క్యాష్ ఉన్న చిప్‌కి ర్యామ్ టైమింగ్స్ సవరిస్తే నిజంగా ఎంత మిగులుతుంది, కొత్త సెట్టింగ్ పెట్టాక మొదటిసారి తెర నల్లగా ఉండిపోతే ఎంతసేపు ఆగి చూడాలి, అవన్నీ అందులో.