వాడేసిన వంటనూనెతో బట్టల సబ్బు తయారుచేయడం ఎలా?

సంక్రాంతి పిండివంటలు పూర్తయ్యేసరికి గోదావరి డెల్టాలో చాలా ఇళ్ళలో మూకుడు అడుగున మడ్డి పట్టిన నూనె మిగిలిపోతుంది. అరిసెలు, జంతికలు, పాకుండలు వేగిన ఆ నూనెను కొందరు వారాల తరబడి తాలింపులకు వాడతారు, మరికొందరు తూములో పారబోస్తారు. రెండూ తగని పనులే. మాటిమాటికీ కాగిన నూనెలో ఆరోగ్యానికి హాని చేసే పదార్థాలు పుడతాయి కాబట్టే, అలాంటి ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018 నుంచి అమల్లోకి వచ్చేలా నిబంధన తెచ్చింది. ఇక తూములో పోసిన నూనె మురుగుతో కలిసి కాలువలోకి చేరి, నీటి మీద పొర కట్టి, నీటిలోకి గాలి దిగకుండా అడ్డుపడుతుంది. వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేసే లోపు మంచినీళ్ళ చెరువులు నింపుకునే ఊళ్ళవాళ్ళకు ఆ నీటి విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆ నూనెతో మంచి బట్టల సబ్బు చేసుకోవచ్చు. ఈ పని చేస్తామని మొదలుపెట్టినవాళ్ళు దాదాపు అందరూ ఒకే చోట తప్పు చేయడం చూస్తున్నాను. అది కాస్టిక్ సోడాను తూచి నీటిలో కరిగించే దశ. మిగతా పనంతా తేలిక కనుక దాన్ని క్లుప్తంగా చెప్పి, ఈ ఒక్క దశను మాత్రం వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

వడకట్టిన పాత నూనె 700 గ్రాములు, కొబ్బరినూనె 300 గ్రాములు, కాస్టిక్ సోడా పలుకులు 140 గ్రాములు, నీళ్ళు 300 గ్రాములు. ఒక గ్రాము తేడాను కూడా చూపే డిజిటల్ కాటా, రెండు స్టీలు గిన్నెలు, పొడవాటి స్టీలు గరిటె, కళ్ళను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు, సబ్బు పోయడానికి మందపాటి పాత ఐస్‌క్రీం డబ్బాలు ఉండాలి. పల్చటి నీళ్ళ సీసాలను కోసి అచ్చులుగా వాడవద్దు, అవి వేడికీ క్షారానికీ తట్టుకోవు.

కొబ్బరినూనె ఎందుకని అడిగేవారున్నారు. పొద్దుతిరుగుడు నూనె, తవుడు నూనె మాత్రమే వాడితే సబ్బు మెత్తగా జారిపోతుంది, నురగ కూడా అంతంతమాత్రమే. కొబ్బరినూనె సబ్బుకు గట్టిదనం ఇస్తుంది. పైగా ఉప్పునీటిలో సైతం నురగనిచ్చే గుణం కొబ్బరినూనె సబ్బుకు ఉంది. అంతర్వేది, ఓడలరేవు వైపు బోరునీళ్ళతో బట్టలుతికే ఇళ్ళలో ఈ తేడా మొదటి ఉతుకులోనే తెలుస్తుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు మన మధ్యనే ఉండగా పామాయిల్‌ను దీనికోసం కొత్తగా కొనడం నాకు సమ్మతం కాదు.

నూనెను శుభ్రం చేయడం

గోరువెచ్చటి నూనెను పాత పంచె గుడ్డలో వడకట్టండి. అంతే పరిమాణంలో వేడినీళ్ళు, గుప్పెడు కళ్ళుప్పు చేర్చి బాగా కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే, ఉప్పు, మసి, పిండి కిందికి దిగి శుభ్రమైన నూనె పైకి తేలుతుంది. ఆ పై నూనెను మాత్రమే గరిటెతో తీసి, చెమ్మ పోయేదాకా సన్నటి సెగ మీద కాచి చల్లార్చండి. చేపల వేపుడుకు వాడిన నూనెను వేరుగా ఉంచి, దాని సబ్బును అంట్లకు పరిమితం చేయండి. ఎంత కడిగినా ఆ వాసన బట్టలను వదలదు.

కాస్టిక్ సోడా: ఇక్కడ తొందర పనికిరాదు

మొదట, కొనేటప్పుడే జాగ్రత్త మొదలవ్వాలి. మనకు కావలసింది సోడియం హైడ్రాక్సైడ్. వంటసోడా వేరు, బట్టల సోడా వేరు. ఆ రెండింటితో నూనె సబ్బుగా మారదు. తూములు శుభ్రం చేసే పొడులను అసలే వాడకండి, వాటిలో అల్యూమినియం రజను వంటి ఇతర పదార్థాలు కలిసి ఉండవచ్చు. పేరు, శుద్ధత శాతం ముద్రించి, గట్టిగా మూసి ఉన్న పొట్లాన్నే తీసుకోండి. మన గాలిలో తేమ ఎక్కువ, కాస్టిక్ సోడాకు తేమను లాక్కునే గుణం ఉంది. మూత వదులైతే గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కూడా కలిసి బలం కోల్పోతుంది. గడ్డకట్టిన సరుకు బరువు నిజమైన బరువు కాదు, పైగా ఆ గడ్డలు నీటిలో పడితే చిందుతాయి. అందుకే ఈ పనిని జనవరి నెలాఖరు నుంచి మార్చి లోపే పెట్టుకోవాలని నా నియమం. సంక్రాంతి నూనె చేతిలో ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది, నెలాఖరునే మొదలుపెడితే ఉగాది నాటికి సబ్బు వాడకానికి వస్తుంది. వర్షాకాలంలో చేసిన సబ్బు చెమ్మగిల్లి చాలా రోజులు ఆరదు.

రెండోది తూకం. గ్లాసులతో, చెంచాలతో కొలిచే పద్ధతులు చాలా ప్రచారంలో ఉన్నాయి. అవన్నీ ప్రమాదకరమైనవే. లీటరు నూనె కిలో తూగదు, 910 నుంచి 920 గ్రాముల దాకా ఉంటుంది. పలుకులు ఒక గ్లాసులో ఒకసారి పట్టినంత ఇంకొకసారి పట్టవు. ఒక్కో నూనెకు ఒక్కో లెక్క ఉంది: కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి, కిలో పొద్దుతిరుగుడు నూనెకు సుమారు 135 గ్రాములు చాలు. ఆ లెక్కన మన కొలతకు దాదాపు 149 గ్రాములు పడుతుంది. నేను 140 దగ్గరే ఆపమంటున్నాను. కొంచెం నూనె మిగిలిపోతే సబ్బు చేతికి మృదువుగా ఉంటుంది, కాస్టిక్ సోడా మిగిలితే చేతులు కాలుతాయి. పాత నూనెలో పొద్దుతిరుగుడు, తవుడు, వేరుశనగ, పామాయిల్ ఏవి ఏ పాళ్ళలో కలిసి ఉన్నా 140 గ్రాములు హద్దు దాటవు.

మూడోది గిన్నె. సత్తు గిన్నె, అంటే అల్యూమినియం గిన్నె, మూత, గరిటె ఏదీ ఈ పనికి పనికిరావు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ క్రమంలో నిప్పు తగిలితే భగ్గుమనే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. స్టీలే వాడండి. సన్నటి గాజు గ్లాసు ఆ వేడికి పగలవచ్చు.

నాలుగోది స్థలం. వంటగదిలో, ఫ్యాను కింద, పిల్లలు తిరిగే వరండాలో ఈ పని చేయకూడదు. పెరట్లో కుళాయి దగ్గర, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. పొడుగుచేతుల చొక్కా, చెప్పులకు బదులు బూట్లు, కళ్ళద్దాలు, తొడుగులు ముందే వేసుకోండి. పక్కన బకెట్టు నిండా మంచినీళ్ళు పెట్టుకోండి.

ఇక కలపడం. గిన్నెలో ముందు చల్లటి నీళ్ళు పోయాలి. ఆ నీళ్ళలోకి పలుకులను కొంచెం కొంచెంగా జారవిడుస్తూ, గరిటెతో నెమ్మదిగా కలుపుతూ ఉండాలి. పలుకుల మీద నీళ్ళు పోయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అలా పోస్తే పైన పడ్డ కొద్ది నీరు ఒక్కసారిగా సలసల కాగి, నీళ్ళు పోస్తే పొంగే సున్నంలా ముఖం మీదికి ఎగదన్నుతుంది. సరైన క్రమంలో కలిపినా ద్రావణం 80 డిగ్రీల పైకి వేడెక్కి ఘాటైన ఆవిరి వస్తుంది, అది తగ్గేదాకా గిన్నె మీదికి వంగకండి. వేడినీళ్ళతో మొదలుపెట్టడం, పలుకులన్నీ ఒకేసారి కుమ్మరించడం కూడా అంతే ప్రమాదం. కోనసీమలో కొందరు నీళ్ళకు బదులు కొబ్బరినీళ్ళు, కొబ్బరిపాలు పోస్తారు. వాటిలోని చక్కెర మాడి రంగు మారుతుంది, ద్రావణం పొంగుతుంది. బట్టల సబ్బుకు ఆ హంగు అక్కరలేదు.

కరిగిన ద్రావణం చల్లారాక చూడడానికి అచ్చం మంచినీళ్ళలా ఉంటుంది. దాన్ని ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్ళకండి, నీళ్ళ సీసాలోకి వంచి దాచకండి. మిగిలిన పలుకులు కలకండలా, ఉప్పులా కనిపిస్తాయి కాబట్టి వాటిని కొన్న డబ్బాలోనే ఉంచి తాళం వేయండి.

చర్మం మీద పడితే తడిసిన బట్ట తీసేసి, కనీసం పావుగంట పాటు ధారగా నీళ్ళు పోయండి. నిమ్మరసం, వెనిగర్, మజ్జిగ పూయవద్దు, నీళ్ళతో కడగాల్సిన సమయం వాటితో వృథా అవుతుంది. కంటిలో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని 20 నిమిషాలకు తగ్గకుండా కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, నోరు కడిగించి వెంటనే 108కి ఫోన్ చేయండి.

నూనెలో కలపడం, అచ్చు పోయడం

ద్రావణం, నూనె రెండూ గోరువెచ్చగా, 40 డిగ్రీల ప్రాంతానికి వచ్చాక, ద్రావణాన్ని సన్నటి ధారగా నూనెలో పోస్తూ కలపండి. స్టీలు కవ్వంతో గంట దాకా పట్టవచ్చు. మిశ్రమం చిక్కబడి, గరిటెతో పైన గీసిన గీత కాసేపు నిలిచిందంటే అచ్చుల్లో పోయవచ్చు. తొడుగులు ఇంకా తీయకండి, ఈ దశలో కూడా అది చర్మాన్ని కాలుస్తుంది.

బరువు పెరుగుతుందని ఈ సమయంలో మైదా, శనగపిండి, సుద్ద కలపమని చెప్పేవారి మాట వినకండి. పిండి మురికిని వదిలించదు, మన తేమకు బూజు పట్టిస్తుంది. సువాసన నూనెలు కూడా నేను కలపనివ్వను. ఉతికిన బట్టకు ఎండ వాసన చాలు.

ఆరబెట్టడం, పరీక్షించడం, వాడడం

మరునాడో ఆ పైరోజో, తొడుగులు వేసుకునే, ముక్కలు కోసి, గాలి తగిలే నీడలో ఎడంగా పేర్చి ఆరు వారాలు వదిలేయండి. నాలుగు వారాలకే వాడమనేవారున్నారు, డెల్టా గాలికి అది చాలదు. తర్వాత తడి సబ్బు మీద పీహెచ్ కాగితం (క్షారం ఎంత ఘాటుగా ఉందో రంగుతో చూపే కాగితం) అద్దితే 9, 10 మధ్య చూపాలి. 11 దాటినా, కోసినచోట తెల్లటి పలుకులో నీటి బుడగలో కనిపించినా ఆ సబ్బును వాడకండి. నాలుకతో తాకి చూసే పద్ధతిని ఎవరు చెప్పినా పాటించకండి.

ఈ సబ్బు నూలు బట్టలకు, అంట్లకు, గచ్చుకు బాగా పనికొస్తుంది. ఉప్పాడ చీరల వంటి పట్టుకు, ఉన్నికి మాత్రం తగిలించవద్దు, క్షారం ఆ పోగులను పాడుచేస్తుంది. ఒంటికి కూడా వద్దు. ఒంటి సబ్బులు తయారుచేసి అమ్మాలంటే ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి, దానికి పాత నూనె ముడిసరుకుగా పనికిరాదు. వాడిన ముక్కను నీళ్ళు నిలవని చిల్లుల పెట్టెలో ఉంచితే, సంతలో కొన్న బిళ్ళకన్నా ముందే కరిగిపోతుందన్న ఫిర్యాదు రాదు.