హైవే మీద పడిపోయే టెంపరేచర్ ముల్లు: నా అనుభవం

హైవే ఎక్కితే చాలు, నా కారు ఇంజిన్ టెంపరేచర్ ముల్లు పావు దగ్గరికి జారిపోయేది. హీటర్ వేస్తే గోరువెచ్చని గాలే. సెన్సర్ మార్చాను, కూలెంట్ (ఇంజిన్ని చల్లబరిచే ద్రవం) కొత్తది పోశాను, వైరింగంతా తడిమాను, లాభం లేదు.

చివరికి థర్మోస్టాట్ మీద పడ్డాను, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు అది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి, కూలెంట్ కొంత బకెట్లోకి దించి, థర్మోస్టాట్ హౌసింగ్ (దాని తొడుగు) బోల్టులు రెండూ విప్పాను. చల్లగా ఉన్నా వాల్వు నోరు తెరుచుకునే ఉంది, సందులోంచి వెలుతురు కనిపించింది. దొంగ దొరికాడు!

కొత్తదాని మీద 82 అని ముద్ర ఉంది, అంటే 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలవుతుందని. బిగించకముందే దారం కట్టి వేడినీళ్ల గిన్నెలో వేలాడదీశాను. థర్మామీటర్ 82 దాటాక మెల్లగా విచ్చుకుంది. పాత గాస్కెట్ (లీకు కాకుండా మధ్యలో వేసే పొర) ముక్కలు ప్లాస్టిక్ బద్దతో గీకాను, అన్నిటికన్నా విసుగు పని ఇదే. స్ప్రింగు ఇంజిన్ వైపు, గాలి బయటికి పోనిచ్చే, అంచున ఊగే చిన్న పిన్ను పైకి. మొదట పిన్ను కిందికి పెట్టేసి, గాలి ఇరుక్కుని మళ్లీ విప్పాల్సొచ్చింది. తర్వాత మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడుపుతూ కూలెంట్ పోశాను.

రెండు నెలలుగా ముల్లు మధ్యలోనే ఉంది. నా కారుది పైనే ఉండే హౌసింగ్. కొన్నిటిలో పిన్నే ఉండదు, గాలి తీసే పద్ధతీ వేరు, మాన్యువల్ చూసుకోండి.