నాటకం చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: టికెట్ ధర కూడా నాటకంలో భాగమే

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులన్నీ చదివా. రెండు రాత్రులు పట్టింది. మెచ్చుకుందామనే కూర్చున్నా గానీ సగానికి పైగా ఒకేలా ఉన్నాయి. జర్మన్ రచయిత బ్రెష్ట్ రాసిన 'మదర్ కరేజ్' నాటకం గురించి రాయమంటే "ఇది ముప్పయ్యేళ్ళ యుద్ధం నాటి కథ, పిల్లల్ని కాపాడుకోడానికి తపించిన ఒక తల్లి కథ" అని. మొదటి ముక్క నిజమే, పదిహేడో శతాబ్దంలో యూరప్‌లో జరిగిన యుద్ధమది, దాంతో పేచీ లేదు. రెండో ముక్క దగ్గరే అందరూ జారిపడ్డారు, కాబట్టి ఇవాళ కొత్త పాఠం మొదలెట్టేముందు దీని సంగతి తేల్చాలి.

మూడు తేదీలు రాసుకోమన్నా కదా. కథ తేదీ, రాత తేదీ, తెర తేదీ. కథ ఎప్పుడు జరిగింది, రచయిత ఎప్పుడు రాశాడు, ఆట ఎప్పుడు ఎక్కడ ఆడింది. మీలో చాలామంది కథ తేదీ ఒక్కటి రాసి ఊరుకున్నారు. 1624 నుంచి 1636 దాకా అని నీట్‌గా రాశారు, సంతోషం. కానీ ఆ తేదీ రచయిత కప్పుకున్న దుప్పటి లాంటిది. జర్మన్ నాటకంలో ఈ దుప్పటి వ్యవహారం పాతదే. 1782లో షిల్లర్ అనే కుర్ర రచయిత రాసిన 'దొంగలు' నాటకం మాన్‌హైమ్‌లో ఆడినప్పుడు థియేటర్ పెద్ద కూడా అదే చేశాడు, షిల్లర్ తన కాలం గురించి రాసిన కథని తీసుకెళ్ళి మధ్యయుగాల చివర్లో కూర్చోబెట్టాడు, దొరలకి కోపం రాకుండా. అయినా షిల్లర్‌కి తిప్పలు తప్పలేదు. ఆయన అప్పుడు మిలిటరీ డాక్టరు. సెలవు పెట్టకుండా రెండోసారి మాన్‌హైమ్ వెళ్ళొచ్చినందుకు ఆయన పై దొర అయిన డ్యూక్ 14 రోజులు లోపలేశాడు, ఇక నాటకాలు రాయొద్దన్నాడు, ఆయన ఆ సెప్టెంబర్‌లోనే ఊరు దాటేశాడు.

సరే, మదర్ కరేజ్‌కి వద్దాం. రాత తేదీ 1939. బ్రెష్ట్ అప్పటికే ఆరేళ్ళుగా దేశం బయట ఉన్నాడు, 1933లో, హిట్లర్ గద్దెనెక్కిన కొత్తల్లో, రైష్‌టాగ్ (జర్మనీ పార్లమెంటు భవనం) తగలబడ్డ మర్నాడే బయల్దేరిపోయిన మనిషి. తెర తేదీ మాత్రం ఒకటి కాదు, కనీసం రెండు రాయాలి. మొదటిది 1941 ఏప్రిల్ 19, జ్యూరిక్, కరేజ్ పాత్రలో టెరీజె గీజె అనే నటి. రెండోది 1949 జనవరి 11, బెర్లిన్, ఈసారి బ్రెష్ట్ భార్య హెలెన వైగెల్.

జ్యూరిక్‌లో జనం కదిలిపోయారు. విమర్శకులు కరేజ్‌ని గ్రీకు పురాణంలో పిల్లలు పోయి ఏడ్చే తల్లి నియోబీతో పోల్చారు. అంటే మీరు రాసిన జవాబే వాళ్ళూ రాశారన్నమాట, కాబట్టి మరీ సిగ్గుపడక్కర్లేదు. కానీ బ్రెష్ట్‌కి ఒళ్ళు మండింది. ఆమె యుద్ధం మీద వ్యాపారం చేసుకునే మనిషి, బండి లాక్కుంటూ సైన్యం వెనకాల తిరిగి సరుకు అమ్ముతుంది, ఆ యుద్ధమే పిల్లల్ని మింగుతుంది, ఆమె మాత్రం చివరిదాకా ఏమీ నేర్చుకోదు. ఆయన చూపిద్దామనుకుంది ఇది. అందుకే బెర్లిన్ కోసం కొన్నిచోట్ల తిరగరాశాడు. 5వ సీన్ తీసుకోండి. గాయపడ్డ వాళ్ళకి కట్లు కట్టడానికి గుడ్డ కావాలి, బండిలో ఆఫీసర్లకి అమ్మే ఖరీదైన చొక్కాలున్నాయి. జ్యూరిక్‌లో కరేజ్ తనే వాటిని చింపి ఇచ్చేసింది. బెర్లిన్‌లో ఇవ్వనంటుంది, ఆమె వద్దంటున్నా లాక్కోవాల్సి వస్తుంది. మారింది ఆ కాస్తే గానీ మనిషే మారిపోయింది.

ఇంకోటి చూడండి, ఇది నాకు మహా ఇష్టం. చివర్లో మూగపిల్ల కత్రీన్ చచ్చిపోతుంది, పాతిపెట్టమని రైతులకి డబ్బులిస్తుంది తల్లి. వైగెల్ ఏం చేసేదంటే, సంచిలోంచి నాణేలు తీసి, ఒకసారి చూసుకుని, ఒక నాణెం మళ్ళీ సంచిలో వేసుకుని మిగతావి ఇచ్చేది. అంతే. డైలాగ్ లేదు. కూతురి శవం పక్కనే ఉంది, చెయ్యి మాత్రం పాత అలవాటు మానలేదు. ఇప్పుడు చెప్పండి, "తపించే తల్లి" అని రాస్తే ఆ ఒక్క నాణెం ఎక్కడికి పోయింది? ఆమె ఏడవలేదని నేననట్లేదు, ఏడ్చింది. కొడుకుని విడిపించుకోడానికి లంచం దగ్గర బేరమాడుతూ కూర్చుని కొడుకునే పోగొట్టుకుంది, ఆ తర్వాత నోరు తెరిచి శబ్దం రాకుండా అరిచే ఆ సీన్ చూస్తే రాయి కూడా కరుగుతుంది. రెండూ ఆమే. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే నాటకం చదవనట్టే.

బెర్లిన్‌లో కూడా జనం ఏడ్చారు, అది వేరే సంగతి. ఊరంతా శిథిలాలు, బయట సోవియట్ల దిగ్బంధం నడుస్తోంది, హాల్లో కూర్చున్న వాళ్ళలో యుద్ధానికి పిల్లల్ని ఇచ్చుకోని వాళ్ళు ఎందరుంటారు. రచయిత ఏం మార్చుకున్నా, కుర్చీలో కూర్చున్న మనిషి తన దుఃఖం తనతోనే తెచ్చుకుంటాడు కదా. ఇక్కణ్ణించే ఇవాళ్టి పాఠం. మూడు తేదీల పక్కన నాలుగో గడి గీసుకోండి, పేరు "కుర్చీ". అందులో ఎవరు కూర్చున్నారు, ఎంత పెట్టి కూర్చున్నారు, ఎవరు కూర్చోనిచ్చారు. నేనైతే కొత్త నాటకం దొరికితే పాత్రల పట్టిక కూడా చూడను, ముందు ఈ గడి నింపుకుంటా. అందరూ ఒప్పుకునే పద్ధతి కాదిది, నా పద్ధతి.

దీనికి జర్మన్ రచయిత హౌప్ట్‌మాన్ రాసిన 'నేతగాళ్ళు' కన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. కథ తేదీ 1844, ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలోని సైలీషియా ప్రాంతంలో నేతగాళ్ళ తిరుగుబాటు. మొదటి అంకంలో షావుకారు ఇంట్లో నేసిన బట్ట అప్పగిస్తుంటారు, గుమాస్తా ఒక్కో తానూ పట్టి చూసి ఏదో వంక పెట్టి కూలి కోస్తుంటాడు, ఒక పిల్లాడు ఆకలికి అక్కడే పడిపోతాడు. రెండో అంకంలో ముసలాయన ఎన్నాళ్ళకో మాంసం తింటాడు, అది పెంపుడు కుక్క మాంసం, ఆ కడుపుకి అదీ నిలవదు, కక్కేస్తాడు. హీరో అంటూ ఎవడూ లేడు, ఊరంతా హీరోనే. హౌప్ట్‌మాన్ తాతే మగ్గం నేసినవాడు, ముందు దీన్ని సైలీషియా యాసలోనే రాశాడు.

1851 నుంచీ బెర్లిన్‌లో ఏ నాటకమైనా బహిరంగంగా ఆడాలంటే ముందు స్క్రిప్టు పోలీసులకివ్వాలి. 1892లో పోలీసులు దీన్ని ఆపేశారు, యాస తగ్గించి మళ్ళీ ఇస్తే మళ్ళీ ఆపారు. యాభై ఏళ్ళ కిందటి కథకి ఇంత భయమెందుకంటే బయట ఫ్యాక్టరీ కార్మికులు అప్పటికే పెద్ద పార్టీగా తయారయ్యారు మరి. దాంతో 1893 ఫిబ్రవరి 26న ఫ్రయె బ్యూనె అనే సంఘం తన సభ్యుల కోసం మాత్రమే ఆడింది. సభ్యుల షో అయితే పోలీసుల అనుమతి అక్కర్లేదు, అదీ కిటుకు. ఆ రోజు చూసినవాళ్ళలో కేటె కోల్‌విట్స్ అనే కుర్ర చిత్రకారిణి ఉంది, ఇంటికెళ్ళి నేతగాళ్ళ తిరుగుబాటు మీద వరసగా బొమ్మలు మొదలెట్టింది.

కేసు కోర్టుకెళ్ళింది. 1893 అక్టోబర్‌లో ప్రష్యా పై కోర్టు నిషేధం ఎత్తేసింది. ఇక్కడ "కోర్టు భావప్రకటనా స్వేచ్ఛని కాపాడింది" అని రాసేస్తారేమో, ఆగండి. కోర్టు చెప్పిన కారణం ఏంటంటే నాటకం ఆడబోయే బెర్లిన్ డాయిచెస్ థియేటర్‌లో టికెట్లు ఖరీదు, చవక సీట్లు కొద్దిగా ఉన్నాయి, కాబట్టి అక్కడికి వచ్చేది గొడవలు చేసే రకం జనం కాదు అని. అంటే ఆ నాటకం డబ్బున్నవాడు చూస్తే కళ, లేనివాడు చూస్తే అల్లరి. నాలుగో గడి జడ్జీగారే నింపి పెట్టారు మనకి! 1894 సెప్టెంబర్ 25న బహిరంగంగా ఆడింది, జర్మనీ చక్రవర్తి కైజర్ రెండో విల్‌హెల్మ్ అలిగి ఆ థియేటర్‌లో తనకంటూ ఉన్న ప్రత్యేక సీట్ల బాక్సు మానేశాడు. కుర్చీ ఖాళీగా ఉండటం కూడా గడిలో రాయాల్సిన సంగతే.

చివరి అంకం గురించి ఒక్క ముక్క. దేవుడున్నాడు, నేను గొడవల్లోకి రాను అని మగ్గం ముందు కూర్చున్న హిల్సె ముసలాయనకే ఎక్కణ్ణించో తూటా వచ్చి తగులుతుంది. రచయిత ఎటువైపు అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఎటో ఒకవైపు తేల్చమని నన్నడగొద్దు, ఖరీదైన సీట్లోంచి ఒకలా, చవక సీట్లోంచి ఒకలా కనిపించేలా ఉందని మాత్రం అంటా.

అభ్యాసం. ఈసారి కష్టమైందే ఇస్తున్నా. జర్మన్ రచయిత లెస్సింగ్ రాసిన 'జ్ఞాని నాథన్' నాటకం ఏదో ఒక అనువాదంలో పూర్తిగా చదవండి, సారాంశాలతో సరిపెట్టొద్దు. కథ జెరూసలెంలో, పన్నెండో శతాబ్దపు సుల్తాన్ సలాదీన్ కాలంలో. రాత తేదీ 1779, ఒక పాస్టర్‌తో మతం గొడవ ముదిరి, లెస్సింగ్‌కి సెన్సార్ లేకుండా రాసుకునే వెసులుబాటు ఆయన్ని కొలువులో పెట్టుకున్న డ్యూక్ తీసేశాక. తెర తేదీలు మూడు తీసుకోండి. 1783 బెర్లిన్, అప్పటికి లెస్సింగ్ పోయి రెండేళ్ళు. 1933 అక్టోబర్ 1 బెర్లిన్, నాజీలు ఉద్యోగాల్లోంచి గెంటేసిన యూదు కళాకారుల సంఘం వేసింది, చూడటానికి యూదులకి మాత్రమే అనుమతి. 1945 సెప్టెంబర్ 7, యుద్ధం ముగిశాక డాయిచెస్ థియేటర్ మళ్ళీ తెరుచుకుంది ఈ నాటకంతోనే. చివర్లో అందరూ మాటల్లేకుండా కౌగిలించుకుంటుండగా తెర పడుతుంది. ఆ కౌగిలింతని ఆ మూడు రాత్రులూ మూడు కుర్చీల్లోంచి చూసి, ఒక్కోదానికి ఐదు వాక్యాలు రాయండి. కథ చెప్పడం మొదలెట్టిన జవాబు అక్కడితో పక్కన పెట్టేస్తా, ముందే చెప్తున్నా.