ఉగాదికి చుట్టాలొస్తే మామిడికాయ సోడా ఇట్ల చేయండి

హన్మకొండల అప్పుడే ఎండలు మస్తు కొడుతున్నయి, ఉగాదికి ఇంటినిండ చుట్టాలొస్తే కూల్‌డ్రింక్ బాటిళ్లు కొనకండి, ముందురోజు రాత్రే రెండు పుల్లటి మామిడికాయలు కుక్కర్‌ల మూడు విజిల్స్ రానిచ్చి గుజ్జు తీసి, కప్పు గుజ్జుకు కప్పు బెల్లం తురుము వేడిమీదనే కలిపి, వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు వేసి ఫ్రిజ్‌ల పెట్టుకోండి.

అసలు కిటుకు ఐస్ దగ్గరుంది. మామూలు ఐస్ వేస్తే పది నిమిషాలకే నీళ్లనీళ్లయితది, అందుకే ఆ గుజ్జులనే కొన్ని నీళ్లు కలిపి ఐస్ ట్రేల పోసి గడ్డకట్టించండి, కరిగినకొద్ది రుచి పెరుగుతది తప్ప తగ్గది. పుదీన మిక్సీల వేయొద్దు, చేదొస్తది, అరచేతుల మధ్య ఒక్కసారి చరిస్తే చాలు వాసన గుప్పుమంటది. సోడా మాత్రం గ్లాసు చేతికిచ్చే ముందే అంచు వెంబడి మెల్లగ పొయ్యాలె, జగ్గుల ముందే కలిపి పెడితే గ్యాసంత పోతది. పావుగంట నానిన సబ్జా గింజలు ఒక స్పూన్ వేస్తే ఇంకా మంచిగుంటది.

పెద్దోళ్లల్ల ఎవరికన్న మందు కావాలంటే వాళ్ల గ్లాసులనే 30 ఎంఎల్ వోడ్కా పోయండి, వైట్ రమ్ముతోని కూడా బాగుంటది, జగ్గుల మాత్రం అస్సలు కలపొద్దు, పిల్లలు తెల్వక తాగుతరు.