ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడిపోతుంటే: నా అనుభవం

మా పెట్రోల్ కారులో ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ఉన్నట్టుండి సున్నాకు పడిపోయేది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు. ఇంజిన్ మాత్రం చక్కగా నడిచేది. మెకానిక్ డ్యాష్‌బోర్డులోని మీటరు మొత్తం మార్చాలన్నాడు. నాకు మనసొప్పలేదు.

ముందు సిగ్నల్ వస్తోందో లేదో చూశాను. ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) నుంచి మీటరుకు వచ్చే వైరు దగ్గర మల్టీమీటర్ హెర్ట్జ్‌లో పెడితే, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) 30 చూపించింది, అంటే సెకనుకు 30 పల్సులు. మా నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకు రెండు పల్సులు, అంటే నిమిషానికి 900 చుట్లు. లెక్క సరిపోయింది. డ్యాష్‌బోర్డు మీద గట్టిగా తడితే ముల్లు పడింది గానీ ఆ 30 కదల్లేదు. తప్పు మీటరులోనే ఉందన్నమాట. (కార్బురేటర్ కార్లలో ఈ సిగ్నల్ ఇగ్నిషన్ కాయిల్ నుంచి వస్తుంది. అక్కడ వందల వోల్టులు ఎగసిపడతాయి, మామూలు మల్టీమీటర్ పెట్టకండి.)

బ్యాటరీ నెగటివ్ తీసి మీటరు విప్పాను. బోర్డు వెనక టార్చి వేసి భూతద్దంతో చూస్తే, ఒక పిన్ను చుట్టూ, దాన్ని బోర్డుకు అతికించిన సోల్డరింగ్‌లో వెంట్రుకంత సన్నటి నల్లని గీత, గుండ్రంగా. వేలితో తాకితే పిన్ను కదిలింది. పాత సోల్డర్ తీసేసి, అది బాగా అతుక్కోవడానికి వాడే ఫ్లక్స్ కొంచెం రాసి, కొత్తగా సోల్డర్ చేశాను. పది నిమిషాల పని.

ఆ సాయంత్రం మా వీధి గుంతల్లో నాలుగుసార్లు తిప్పాను. ముల్లు ఒక్కసారి కూడా పడలేదు.