పండ్లీగ గుడ్డులో ఏముంది? – 4వ పాఠం: చర్మం వెంట వాయునాళం

గుడ్డు పైపెంకును బ్లీచ్‌తో తీసి, నీళ్లతో బాగా కడగడం గత పాఠంలో చేశాం. ఇప్పుడు ఆ పిండంలో వాయునాళాలు (పురుగు ఒంట్లో గాలి తిరిగే గొట్టాలు) ఎంతవరకు ఎదిగాయో చెప్పగలగాలి. నాళాన్ని విడిగా వెతక్కండి, చర్మాన్ని చూస్తూ దాన్ని పట్టుకోండి. ఎందుకంటే రెండూ పుట్టింది పిండం బయటి పొర అయిన బహిస్త్వచం నుంచే.

25 డిగ్రీల వేడిలో, గుడ్డు పెట్టిన సుమారు 5 గంటలకు, పిండానికి ఒక్కో పక్కన 10 చోట్ల ఆ పొర చొక్కా జేబులా లోపలికి కుంగుతుంది. ఒక్కో చోట దాదాపు 80 కణాలు. ఆ తర్వాత అవి విభజన చెందవు. ఉన్న కణాలే పాకుతూ, సాగుతూ, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటూ కొమ్మలు వేస్తాయి. కొత్త కణం ఒక్కటి కూడా లేకుండా ఒళ్లంతా గొట్టాలు అల్లుకోవడం ఎంత చదివినా నాకు అద్భుతంగానే ఉంటుంది. ఎటు సాగాలో చుట్టుపక్కల కణాలే చెబుతాయి. అవి వదిలే 'బ్రాంచ్‌లెస్' ప్రొటీన్‌ను నాళం కొస కణాలు 'బ్రెత్‌లెస్' అనే గ్రాహకంతో (సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌తో) పసిగడతాయి. వీపు వైపు కొమ్మలకైతే 'డీపీపీ' అనే సంకేతం కూడా అందాలి.

మామూలు మైక్రోస్కోప్‌లో ఈ దశ సరిగ్గా కనిపించదు, టెన్షన్ పడకండి. స్లైడు మీద లిక్విడ్ పారాఫిన్ పలచగా వేసి, పిండాన్ని వీపు పైకి వచ్చేలా దొర్లించండి. మధ్యలో ముదురుగా కనిపించేది పచ్చసొన. రెండు పక్కల నుంచి చర్మం దాని మీదికి వచ్చి, సుమారు 13 గంటలు నిండేసరికి మూసుకుంటుంది. ఆ చర్మం అడుగునే కుడి, ఎడమ నాళాల కొమ్మలు పైకి పాకుతాయి. చర్మం కలిశాకే అవి నడిమి గీత దగ్గర ఎదురుపడి అతుక్కుంటాయి. ఈ వరుసను నోటుబుక్కులో రాసుకోండి.

ఒడిశా కొండల్లో, కోరాపుట్, జయపురం వైపు ఉన్నవాళ్లకి ఒక మాట. 18 డిగ్రీల చలిలో పిండం ఎదగడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. డిసెంబరులో గంటలు లెక్కపెడితే తికమకే. చర్మం ఎంతవరకు మూసుకుందో చూస్తే మాత్రం దశ తప్పకుండా దొరుకుతుంది.

పిల్లపురుగు గుడ్డులోంచి బయటికి రాబోయే ముందు గంటల్లో ఓపిగ్గా కూర్చోండి. అప్పటిదాకా నాళాల్లో ద్రవం ఉంటుంది. కణాలు దాన్ని పీల్చేసుకోగానే గాలి నిండి, కొద్ది నిమిషాల్లో వీపు పొడవునా రెండు నల్లని గీతలు తేలతాయి. కింది నుంచి వచ్చే వెలుగును గాలి పక్కకు మళ్లిస్తుంది కాబట్టి అవి నల్లగా కనిపిస్తాయి.

మైక్రోస్కోప్ అందుబాటులో లేనివాళ్లు గుణుపురం దగ్గర వంశధార ఒడ్డునో, పర్లాకిమిడి చెరువు గట్లనో తుంగకు అంటుకుని ఉన్న తూనీగ విడిచిన పొట్టు తెచ్చుకోండి. వీపు చీలిక దగ్గర తెల్లని పోగులు వేలాడుతుంటాయి. అవి వాయునాళాల లోపలి పొరలు. చర్మంతో పుట్టిన నాళం కనుక, పురుగు కుబుసం విడిచినప్పుడు ఆ పొర కూడా ఊడి వస్తుంది. స్కూల్లో మైక్రోస్కోప్ దొరికిన రోజు ఆ పోగును నీటిచుక్కలో పెట్టి చూడండి, చుట్టలు చుట్టలుగా గట్టి గీతలు కనిపిస్తాయి. నాళం నలిగిపోకుండా నిలబెట్టేవి అవే. వచ్చే పాఠం ఆ చుట్టల గురించే, కాబట్టి బొమ్మ గీసి ఉంచుకోండి.