పీసీబీ ఎచింగ్‌కి బుడగల ట్యాంక్ ఇంట్లోనే చేసుకుందాం

ఎలక్ట్రానిక్స్ సర్క్యూట్ బోర్డు (పీసీబీ) మీద అక్కర్లేని రాగిని కరిగించి తీసేయడమే ఎచింగ్. ట్రేలో రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం పోసి, బోర్డు అందులో వేసి అరగంట సేపు ఊపుతూ కూర్చునే ఓపిక నాకు రెండు బోర్డులకే అయిపోయింది. ఊపడం ఆపామా, మధ్యలో రాగి అలాగే ఉండిపోతుంది, అది పోయేలోపు అంచుల్లో ట్రాకులు (మనకి మిగలాల్సిన రాగి గీతలు) సగం తినేసి ఉంటాయి. బోర్డు మీద రాగి మందం మామూలుగా 35 మైక్రాన్లే, అయినా అంత టైం ఎందుకంటే రాగిని ఆనుకుని ఉన్న ద్రావణం పని అయిపోయాక కూడా అక్కడే తిష్ట వేస్తుంది, కొత్తది వచ్చి తగలదు. ఆ కదిపే పనే బుడగలకి అప్పజెప్తున్నాం.

డబ్బా నిలువుగా, సన్నగా ఉండాలి. వెడల్పు మీ పెద్ద బోర్డు కంటే కాస్త ఎక్కువ, ముందు నుంచి వెనక్కి 3 లేదా 4 సెంటీమీటర్లు చాలు, అప్పుడు ద్రావణం కూడా తక్కువే పడుతుంది. నిటారుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా దొరికితే సరే, లేదంటే 5 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ముక్కలు సిలికాన్ సీలెంట్‌తో అతికించి ఒక రోజంతా ఆరనివ్వండి, తర్వాత మంచినీళ్లు పోసి రాత్రంతా వదిలేసి లీకేజీ చూసుకోండి. ఈ టెస్ట్ మాత్రం ఎగ్గొట్టకండి, ఫెర్రిక్ మరక నేలకి పట్టిందంటే ఇక వదలదు.

ఇప్పుడు అసలు పని, గాలి గొట్టం. అడుగున ఒక సన్న ప్లాస్టిక్ పైపు పెట్టి, ఒక చివర సీలెంట్‌తో మూసేసి, రెండో చివర నుంచి ట్యూబు పైకి తెచ్చి అక్వేరియం ఎయిర్ పంపుకి కలపండి. పైపుకి సెంటీమీటరుకో బెజ్జం, బోర్డు మీద కాంపోనెంట్ కాళ్లకి బెజ్జాలు వేసే 0.8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తోనే వేసేయొచ్చు. పైపు ఒక పక్కకి రవ్వంత లేచినా బుడగలన్నీ ఆ పక్క నుంచే వస్తాయి, రెండో పక్క చచ్చిపడి ఉంటుంది, అందుకే మట్టంగా ఉండేలా అడుక్కి అతికించేయండి. పైకి తేలుతోంది కదా అని స్టీలు ముక్క బరువు పెట్టకండి, స్టెయిన్‌లెస్ స్టీలుని కూడా ఈ ద్రావణం తినేస్తుంది, అల్యూమినియం అయితే వేడెక్కి పొంగుతుంది కూడా.

పంపు ద్రావణం మట్టం కంటే పైనే ఉండాలి. నేను కింద పెట్టాను, కరెంటు పోయింది, ద్రావణం ట్యూబులోంచి వెనక్కి దిగి పంపు లోపలికి వెళ్లిపోయింది, పంపు చెత్తబుట్టలోకి. ట్యూబు మధ్యలో నాన్‌రిటర్న్ వాల్వ్ (ఒకవైపే పోనిచ్చి వెనక్కి రానివ్వనిది) కూడా ఒకటి వేస్తే నిశ్చింత.

వేడి 40 నుంచి 45 డిగ్రీలు ఉంటే పని చకచకా అవుతుంది. నేనైతే హీటర్ జోలికి పోకుండా డబ్బాని వేడినీళ్ల టబ్బులో నిలబెడతా. గాజు అక్వేరియం హీటర్ వాడేవాళ్లు అది ద్రావణంలోంచి బయటికి తీసేముందు స్విచ్ ఆపాలి.

బోర్డు మూల బెజ్జంలో నైలాన్ దారం కట్టి వేలాడదీయండి, పైన మూత పెట్టి గాలి పోయేంత సందు వదలండి, లేకపోతే సన్నటి తుంపర లేచి చుట్టుపక్కల పనిముట్లు తుప్పు పడతాయి. కళ్లకి రక్షణ అద్దాలు, చేతులకి గ్లౌజులు తప్పనిసరి, గది తలుపులు తీసి ఉంచండి.

వాడేసిన ద్రావణంలో కరిగిన రాగి ఉంటుంది కాబట్టి సింకులో పోయొద్దు. బట్టలసోడా కొంచెం కొంచెంగా, నురగ రావడం ఆగేదాకా కలిపి, అడుక్కి దిగిన మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. ఇంకా పనికొచ్చేదాన్ని ప్లాస్టిక్ సీసాలో పోసి, పేరు పెద్దక్షరాలతో రాసి పిల్లలకి అందని చోట పెట్టండి, మూత కూడా ప్లాస్టిక్‌దే ఉండాలి.